పామేరియన్ అని కొన్నాం, స్పిట్జ్‌ను పెంచాం: కుక్కజాతుల పేర్ల చిక్కుముడి

మా ఇంట్లో పన్నెండేళ్లకు పైగా బతికిన తెల్లకుక్కకు మూడు టీకాల పుస్తకాలు ఉండేవి. గాజువాకలో ఉన్నప్పుడు తీసుకున్న మొదటి పుస్తకంలో, జాతి అన్న గడిలో, దాన్ని మాకు అమ్మినాయన చెప్పిన మాటనే నమ్మి అక్కడి డాక్టరుగారు ‘పామేరియన్’ అని రాశారు. ఎంవీపీ కాలనీకి ఇల్లు మారాక ఆ పుస్తకం వానలో తడిసి పాడైపోతే, కొత్తది ఇచ్చిన మరో డాక్టరుగారు కుక్కను బల్ల మీద నిలబెట్టి, తూకం చూసి, మా వైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా ‘స్పిట్జ్’ అని రాశారు. ముసలితనంలో వాడిన మూడో పుస్తకంలో ‘క్రాస్’ అని ఉంది. కుక్క మాత్రం మొదటినుంచీ అదే, తినే పెరుగన్నమూ అదే, బరువు పదకొండు కిలోల దగ్గర నిలిచిపోయి ఏళ్లు గడిచాయి. మా అమ్మ చివరిదాకా దాన్ని బొచ్చుకుక్క అనే అంది. ఇప్పుడు తీరిగ్గా ఆలోచిస్తే, ఆ నాలుగు పేర్లలో వంక పెట్టడానికి వీల్లేనిది అదొక్కటే అనిపిస్తుంది.

ఒకే వస్తువుకు నాలుగు పేర్లుండటం మనకు కొత్త కాదు. విశాఖపట్నం, విశాఖ, వైజాగ్, వాల్తేరు అని ఎవరి నోటికి వచ్చినట్టు వారు అంటున్నా ఈ ఊరికి రావలసిన మనిషి దారి తప్పడు. కుక్కల విషయంలో ఆ భరోసా లేదు. రెండో పేరు వెనక చాలాసార్లు రెండో కుక్కే ఉంటుంది. మరికొన్నిసార్లు రెండు పేర్ల వెనకా ఉన్నది ఒకే కుక్క అయినా, రెండూ వేరని యజమానులు గట్టిగా వాదిస్తారు. కుక్కజాతులను గుర్తించే సంఘాలైన కెన్నెల్ క్లబ్బుల రిజిస్టర్లలో నమోదైన పేరు ఒకటి, జనం నోట అలవాటుగా నలిగిన పేరు ఒకటి, అంగట్లో ధర కోసం పుట్టిన పేరు ఒకటి కలిసిపోవడమే ఈ గందరగోళానికి మూలం. నోటి పేర్లతో వచ్చే నష్టం తక్కువ, అంగడి పేర్లతోనే జాగ్రత్తగా ఉండాలి.

పామేరియన్ అని మనం పలికే పేరు అసలు రూపం పొమెరేనియన్. బాల్టిక్ సముద్ర తీరంలో, ఇప్పుడు కొంత పోలండ్‌లోనూ కొంత జర్మనీలోనూ ఉన్న పొమెరేనియా అనే ప్రాంతం నుంచి ఆ పేరు వచ్చింది. మొదట్లో ఇవి ఇంత చిన్నవి కావు. విక్టోరియా రాణి 1888లో ఇటలీ నుంచి ఒక చిన్న పామేరియన్‌ను తెచ్చుకుని పెంచడం మొదలుపెట్టాక, రాణిగారి ముచ్చట చూసి ఇంగ్లండులో అందరూ చిన్నవాటినే కోరుకోవడంతో, ఏరి ఏరి కలుపుతూ జాతినే కుదించేశారు. ఈనాడు అమెరికన్ కెన్నెల్ క్లబ్బు ప్రమాణం ప్రకారం పెద్దదైన పామేరియన్ బరువు సుమారు 1.4 నుంచి 3.2 కిలోల మధ్య ఉండాలి. అంటే పెద్దదయ్యాక కూడా ఓ మోస్తరు పుచ్చకాయ కన్నా తేలిక.

మరి మన ఇళ్లలో ఎనభైల నుంచీ గేటు దగ్గర నిలబడి పాలబ్బాయి మీద అరుస్తూ పెరిగిన ఆ తెల్లకుక్కలు ఏమిటి? అవి ఇండియన్ స్పిట్జ్‌లు. ఆంగ్లేయులు తెచ్చిన జర్మన్ స్పిట్జ్‌ల సంతతి ఇక్కడి ఎండకు, ఇక్కడి తిండికి అలవాటు పడి స్థిరపడిన జాతి ఇది. ఇందులో 5 నుంచి 7 కిలోల చిన్న రకమూ, 12 నుంచి 20 కిలోల దాకా పెరిగే పెద్ద రకమూ ఉన్నాయి. స్పిట్జ్ అంటే జర్మన్ భాషలో మొనదేలినది అని అర్థం; ఆ మూతిని, నిలువు చెవులను చూస్తే పేరు ఎందుకు పెట్టారో తెలుస్తుంది. పామేరియన్ కూడా స్పిట్జ్ కుటుంబానిదే కాబట్టి, ‘మాది పామేరియన్, స్పిట్జ్ కాదు’ అనే వాదన వంశావళి లెక్కలో పూర్తిగా నిలబడదు కూడా. ఐరోపాలో కుక్కజాతుల అంతర్జాతీయ సమాఖ్య పామేరియన్‌ను జర్మన్ స్పిట్జ్‌లోనే అతి చిన్న రకంగా లెక్కిస్తుంది.

చిక్కు ఇంతటితో ఆగితే బాగుండేది. నిజమైన చిన్న పామేరియన్లు మన దేశంలోకి విరివిగా రావడం మొదలయ్యాక, అమ్మేవాళ్లకు ఒక ఇబ్బంది ఎదురైంది: స్పిట్జ్‌ను అప్పటికే పామేరియన్ అని అమ్మేశారు కదా, ఇప్పుడు పామేరియన్‌ను ఏమని అమ్మాలి? దాంతో ‘టాయ్ పామ్’, ‘మినీ పామ్’, ‘టీకప్ పామ్’ అన్న మాటలు వచ్చాయి. రెంటికీ మధ్య కలిపి పుట్టించిన పిల్లలకు ‘కల్చర్ పామ్’ అన్న పేరు కుదిరింది. కల్చర్ పామ్ అనే జాతి ఏ దేశపు రిజిస్టరులోనూ లేదు, టీకప్ అనే కొలతా లేదు. ఆ మాటలు మనకు చెప్పేది కుక్క గురించి కాదు, దాని ధర సాదా స్పిట్జ్ కన్నా ఎక్కువ అని మాత్రమే. నలభై అయిదు రోజుల వయసులో స్పిట్జ్ పిల్లా, కల్చర్ పామ్ పిల్లా, పామేరియన్ పిల్లా పక్కపక్కన పెడితే చేయి తిరిగిన పెంపకందారుకు తప్ప మనలాంటి వాళ్లకు తేడా తెలియదు. అన్నీ దూది ఉండలే. ఆర్నెల్లు గడిచి మూతి సాగి, కాళ్లు పొడుగైనప్పుడు గాని నిజం బయటపడదు, అప్పటికి పిల్లలు పేరు పెట్టేసుకుని ఉంటారు, వెనక్కి ఇచ్చే ప్రసక్తి ఉండదు. మా ఇంట్లో జరిగిందీ అదే.

పేరు ఏదైతేనేం అనుకోవడానికి వీల్లేని కారణాలు కూడా ఇక్కడే ఉన్నాయి. అసలు పామేరియన్‌కు శ్వాసనాళం మెత్తబడి కూలిపోయే జబ్బు తరచుగా వస్తుంది. మెడ చుట్టూ పట్టీ కట్టి లాగడం దానికి ప్రమాదం, ఛాతీ చుట్టూ కట్టే పట్టీ వాడాలి. పదకొండు కిలోల స్పిట్జ్‌ను మూడు కిలోల పామేరియన్ అనుకుని కొలిచి పెడితే అది ఆకలితో నకనకలాడుతుంది. మూడు కిలోలదాన్ని స్పిట్జ్ అనుకుని పెడితే ఏడాదిలో గుమ్మడికాయలా తయారవుతుంది.

ఇక రెండో రకం చిక్కు: ఒకే కుక్క, రెండు పేర్లు. వన్‌టౌన్‌లోని పాత ఇళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ ‘అల్సేషియన్’ అంటారు, వాళ్ల మనవలు అదే కుక్కను ‘జర్మన్ షెపర్డ్’ అంటారు. పొట్టి బొచ్చుది అల్సేషియన్ అనీ, పొడుగు బొచ్చుది జర్మన్ షెపర్డ్ అనీ తీర్పు చెప్పిన పెద్దమనిషిని ఆర్కే బీచ్‌లో ఉదయపు నడకలో నేనే చూశాను. ఆయన చేతిలో ఉన్న గొలుసుకు ఆ రెండూ అయిన ఒకే కుక్క ఉంది. జర్మనీలో 1899లో మాక్స్ ఫాన్ స్టెఫానిట్స్ అనే సైనికాధికారి గొర్రెలు కాచే కుక్కల నుంచి ఈ జాతిని తీర్చిదిద్ది సంఘం పెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత ఇంగ్లండులో జర్మన్ అన్న మాట వినడమే ఇష్టం లేక, ఫ్రాన్సు, జర్మనీ సరిహద్దులోని అల్సేస్ ప్రాంతం పేరు తగిలించి కుక్కకు అల్సేషియన్ అని కొత్త పేరు పెట్టారు. మనకు కుక్కలూ వాటి పేర్లూ ఆంగ్లేయుల దగ్గరి నుంచే వచ్చాయి కనుక, ఆ యుద్ధకాలపు కోపం వైజాగ్ దాకా వచ్చి ఇక్కడి పాత ఇళ్లలో నిలిచిపోయింది. ఇంగ్లండు కెన్నెల్ క్లబ్బు 1977లో జర్మన్ షెపర్డ్ అన్న పాత పేరును తిరిగి ఒప్పుకుంది గాని, మన పెద్దవాళ్లకు ఆ కబురు అందలేదు.

ఈ జాతి చుట్టూ అంగడి పేరు కూడా ఒకటి తిరుగుతోంది. ‘డబుల్ కోట్ జర్మన్ షెపర్డ్’ అని చెప్పి పొడుగు బొచ్చు పిల్లలకు ఎక్కువ ధర అడుగుతారు. జర్మన్ షెపర్డ్‌కు పైన గరుకు వెంట్రుకలూ, లోపల మెత్తటి దట్టమైన ఉన్నిలాంటి పొరా ఉంటాయి. అదే డబుల్ కోట్. పొట్టి బొచ్చుదానికీ అది ఉంటుంది, పొడుగు బొచ్చుదానికీ ఉంటుంది. ప్రమాణంలో ఉన్న తేడా బొచ్చు పొడవులోనే తప్ప పొరల సంఖ్యలో లేదు. లాబ్రడార్లకు చెప్పే ‘డబుల్ బోన్’ అన్న మాట ఇంతకన్నా విచిత్రం. ఏ కుక్కకూ ఎముకలు రెండేసి ఉండవు. పిల్ల కాస్త బొద్దుగా, పాదాలు వెడల్పుగా ఉందని చెప్పడానికి కల్పించిన మాట అది.

పోలీసు కుక్కల దగ్గర ఈ అయోమయం తెలుగులో ఇంకో మెలిక తిరిగింది. పత్రికలు ‘పోలీసు జాగిలం’ అని రాస్తాయి. పాత వాడుకలో జాగిలం అంటే వేటకుక్క, సన్నని నడుముతో పరిగెత్తేది. ఇప్పుడు బాంబులు వాసన చూసే లాబ్రడార్ కూడా జాగిలమే. ముఖం నల్లగా, ఒళ్లు లేత గోధుమ రంగులో ఉన్న పోలీసు కుక్కను చూసి జనం అల్సేషియన్ అంటారు. ఈ మధ్య వాటిలో చాలా మటుకు బెల్జియన్ మాలినోయిస్‌లు, బెల్జియంలోని మాలిన్ అనే ఊరి పేరు పెట్టుకున్న వేరే జాతి, తేలిక, చురుకు ఎక్కువ. పనిలేకుండా ఇంట్లో కూర్చోబెడితే సోఫాను పీకి పెడుతుంది. జర్మన్ షెపర్డే కదా అనుకుని ఫ్లాట్‌లోకి తెచ్చుకున్నవాళ్లు ఆ సంగతి రెండు నెలల్లో తెలుసుకుంటారు. తెలుగువాళ్లకు గ్రేహౌండ్స్ అంటే ముందుగా గుర్తొచ్చేది కుక్కలు కావు, పోలీసు దళం. ఆ కుక్క పేరులోని గ్రే అన్న భాగానికి బూడిద రంగుతో సంబంధం లేదు, అది పాత ఇంగ్లీషు మాట నుంచి వచ్చింది.

పేరులో దేశం ఉందని అది పుట్టిల్లు అనుకోవడం మరో పొరపాటు. గ్రేట్ డేన్ డెన్మార్కుది కాదు, జర్మనీది. ఆస్ట్రేలియన్ షెపర్డ్ జాతిగా తయారైంది అమెరికాలో. లాబ్రడార్ పూర్వీకులు కెనడాలోని లాబ్రడార్ ప్రాంతం నుంచి కాదు, దాని పక్కనున్న న్యూఫౌండ్‌లాండ్ దీవిలో చేపల పడవల వెంట తిరిగిన కుక్కల నుంచి వచ్చాయి. వలలోంచి జారిపోయిన చేపలను ఈదుకుంటూ వెళ్లి పట్టుకొచ్చేవని చెబుతారు. ఫిషింగ్ హార్బరు ఉన్న ఊళ్లో లాబ్రడార్‌ను సముద్రంలోకి వదిలితే బయటికి రానని మొండికేయడంలో ఆశ్చర్యం లేదు. ‘గోల్డెన్ లాబ్’ అనే జాతి మాత్రం లేదు. లాబ్రడార్‌లో నలుపు, పసుపు, చాక్లెట్ రంగులే ఉన్నాయి. గోల్డెన్ రిట్రీవర్ స్కాట్లండులో పుట్టిన వేరే జాతి, బొచ్చు పొడుగు.

ఉచ్చారణ నుంచి పుట్టిన అపార్థాల్లో నాకు ఇష్టమైనది ‘డాష్ హౌండ్’. డాష్ ఇస్తూ పరిగెత్తే వేటకుక్క కాబోలు అని మావాళ్లు చాలామంది అనుకుంటారు. జర్మన్‌లో డాక్స్ అంటే నేలలో బొరియలు తవ్వుకుని ఉండే బాడ్జర్ అనే జంతువు, హుంట్ అంటే కుక్క. బొరియలోకి దూరి బాడ్జర్‌ను పట్టే కుక్క కాబట్టే ఆ పొట్టి కాళ్లు, ఆ పొడుగు నడుము. పేరు అర్థమైతే జాగ్రత్తా అర్థమవుతుంది: అది మంచం మీంచి, మెట్ల మీంచి దూకకూడదు, ఆ పొడుగు వెన్నులో డిస్కులు జారి వెనక కాళ్లు పడిపోతాయి. ఇక లాసా ఆప్సో, షీజూల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 1930లలో ఇంగ్లండులోని పండితులే ఆ రెంటినీ ఒకే గాటన కట్టి, తరువాత నాలుక కరుచుకుని విడదీశారు. మనం రెంటినీ బొచ్చుకుక్క అంటే తప్పు పట్టేవాడెవడు?

పగ్ కథ వేరు. 2003లో హచ్ మొబైల్ ప్రకటనలో ఒక పిల్లాడి వెంట తిరిగిన పగ్ దేశమంతా ముద్దు పుట్టించింది. ఆ దెబ్బకు అది మనకు ‘హచ్ కుక్క’ అయింది. 2007లో హచ్ పేరు వొడాఫోన్‌గా మారితే కుక్క కూడా ‘వొడాఫోన్ కుక్క’ అయింది. కంపెనీ పేరు మారినప్పుడు కుక్క జాతి పేరు మారడం లోకంలో ఇంకెక్కడైనా జరిగిందో లేదో గాని మా వీధిలో జరిగింది. ఇది హాస్యానికి బాగానే ఉంది. ఆ నొక్కుడు ముక్కుకు గాలి ఆడదని, మే నెలలో వైజాగ్ ఉక్కపోతలో మధ్యాహ్నం నడిపిస్తే ప్రాణం మీదికి వస్తుందని ప్రకటన చెప్పలేదు, ఆ పేరూ చెప్పదు.

ముద్దుపేర్లు ముద్దుగా మిగలని చోటు బుల్లీల దగ్గర వస్తుంది. తెలుగులో బుల్లి అంటే చిన్నది, ముద్దొచ్చేది. ఆ మాటే వినిపించడం వల్లనో ఏమో, ‘బుల్లీ తెచ్చుకున్నాం’ అని చెప్పేవాళ్ల గొంతులో ఒక తేలికదనం ఉంటుంది. అదే మాటతో అమెరికన్ బుల్లీని అమ్ముతారు, పంజాబు ప్రాంతపు భారీ కుక్క బుల్లీ కుత్తానూ అమ్ముతారు. రెంటికీ చుట్టరికం లేదు. పిట్‌బుల్ అన్నది కూడా ఒక జాతి పేరు కన్నా ఒక గుంపు పేరుగానే జనం వాడతారు. అమెరికన్ పిట్‌బుల్ టెర్రియర్, అమెరికన్ స్టాఫర్డ్‌షైర్ టెర్రియర్, స్టాఫర్డ్‌షైర్ బుల్ టెర్రియర్, అమెరికన్ బుల్లీ అన్నిటినీ ఆ ఒక్క సంచిలో వేస్తారు.

ఈ సంచి ప్రభుత్వం చేతికి వస్తే ఏమవుతుందో 2024 మార్చి 12న తెలిసింది. కేంద్ర పశుసంవర్ధక, పాడి పరిశ్రమ శాఖ 23 రకాల కుక్కల దిగుమతి, పెంపకం, అమ్మకాలను ఆపాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. కుక్కకాట్ల వల్ల ప్రాణాలు పోతున్నాయన్న ఆందోళన న్యాయమైనదే. కాని ఆ జాబితా చదివితే మా టీకాల పుస్తకాలే గుర్తొచ్చాయి. టోసా ఇను ఒక చోట ఉంది, కొంత దిగువన జపనీస్ టోసా మళ్లీ ఉంది; రెండూ ఒకే కుక్క, ఇను అంటే జపాను భాషలో కుక్క అని అర్థం. ‘టెర్రియర్స్’ అని ఒక్క మాట, ‘మాస్టిఫ్స్’ అని ఒక్క మాట ఉన్నాయి. టెర్రియర్ అనేది జాతి కాదు, పదుల కొద్దీ జాతుల తరగతి. ఒళ్లో కూర్చునే మూడు కిలోల యార్క్‌షైర్ టెర్రియర్ కూడా అందులోదే. పేరులో టెర్రియర్ ఉన్నా టెర్రియర్ కాని టిబెటన్ టెర్రియర్‌ను ఏం చేయాలన్నది ఆ లేఖ చదివిన అధికారి తేల్చుకోవాలి. సంబంధించిన వారిని సంప్రదించలేదన్న కారణంతో కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో దాన్ని కొట్టివేసింది.

ఇంగ్లండులో అమెరికన్ బుల్లీల్లోని పెద్ద రకమైన ఎక్స్‌ఎల్ బుల్లీని నిషేధించినప్పుడు ఇదే సమస్య ఎదురైంది, అది అక్కడి కెన్నెల్ క్లబ్బు గుర్తించిన జాతి కాదు కనుక. అందుకని వారు పేరును పక్కన పెట్టి కొలబద్ద పట్టుకున్నారు: భుజం దగ్గర ఎత్తు మగదానికి 51, ఆడదానికి 48 సెంటీమీటర్ల నుంచి మొదలై, తల, ఛాతీ, దవడల లక్షణాలు సరిపోతే అది ఆ రకం. 2024 ఫిబ్రవరి 1 నుంచి మినహాయింపు పత్రం లేకుండా దాన్ని ఉంచుకోవడం నేరం. ఆ చట్టం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. కనీసం ఏ కుక్క గురించి మాట్లాడుతున్నారో అందులో రాసి ఉంది.

సీమకుక్కల పేర్లతో ఇంత కుస్తీ పడుతున్న మనకు ఇంటి కుక్కల పేర్లు నోటికి రావు. కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందలను కాసిన జోనంగి ఆంధ్ర దేశపు సొంత జాగిలం. ఒంటిని అంటుకున్న పొట్టి బొచ్చు, సన్నటి దేహం, మొరగడం కన్నా రాగం తీసినట్టుండే గొంతు, నేలలో గొయ్యి తవ్వుకుని పడుకునే అలవాటు దాని గుర్తులు. బాతుల చెరువులు చేపల, రొయ్యల చెరువులయ్యాక దానికి పని పోయింది, వీధిన పడింది; వీధిలో చూసినవాళ్లు ఊరకుక్క అనుకున్నారు. కర్ణాటకలోని ముధోల్ వేటకుక్కదీ రెండు పేర్ల కథే. 2005లో తపాలా శాఖ స్టాంపు మీద అది ముధోల్ హౌండ్, కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా పుస్తకంలో కారవాన్ హౌండ్, పల్లెల్లో కర్వానీ. ఇక మన వీధికుక్కలకు ఇంగ్లీషువాళ్లు పెట్టిన ‘పరయా’ అన్న పేరు తమిళనాట ఒక కులం పేరు నుంచి వచ్చింది. ఒక మనుషుల సమూహాన్ని చిన్నచూపు చూసిన పేరును కుక్కకు తగిలించి ఇప్పటికీ జాతి పేరుగా వాడటం నాకు మింగుడు పడదు. ఇండీ అన్నా, దేశీ అన్నా, ఊరకుక్క అన్నా నయమే. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు వీధికుక్క అన్న మాటనే దాటి ‘సామాజిక జంతువు’ అనే అర్థం వచ్చే పదాన్ని ఎంచుకున్నాయి.

పేరు సరిగ్గా తెలియడం ప్రాణావసరమయ్యే సందర్భం ఒకటి తప్పక చెప్పాలి. గజ్జికి, పురుగులకు విరివిగా వాడే ఐవర్‌మెక్టిన్ మందును కోలీ జాతి కుక్కల్లో చాలా వాటి శరీరం, ఒక జన్యులోపం వల్ల, మెదడులోకి వెళ్లకుండా ఆపలేకపోతుంది. మామూలు కుక్క తట్టుకునే పెద్ద మోతాదు దానికి విషమవుతుంది. ఆస్ట్రేలియన్ షెపర్డ్‌లలోనూ, కొన్ని జర్మన్ షెపర్డ్‌లలోనూ ఆ లోపం ఉంది. ‘ఏదో బొచ్చు క్రాస్ అండీ’ అని డాక్టరుకు చెప్పే ముందు, తల్లిదండ్రుల్లో కోలీ ఉందని అమ్మినవాడు అన్నాడేమో గుర్తు చేసుకోవాలి, మందుల షాపులో అడిగి తెచ్చి సొంతంగా వేయడం మానాలి.

కొనేటప్పుడు పేరు అడగడం కన్నా తల్లిని చూపించమనడం మేలు; దాని ఎత్తూ బరువూ చూస్తే పిల్ల ఎంత అవుతుందో అంచనా దొరుకుతుంది. 2017 నాటి పెంపకం, అమ్మకాల నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదై ఉండాలి. కాగితాలున్నాయని చెబితే, పిల్ల చర్మం కింద ఉన్న చిప్పును యంత్రంతో చదివించి, అందులోని పదిహేనంకెల సంఖ్యా, నమోదు పత్రంలోని సంఖ్యా ఒకటేనా అని అక్కడే చూసుకోవాలి. వేరే కుక్క కాగితం చేతిలో పెట్టేవాళ్లు ఉంటారు. కాగితం లేని పిల్లయితే అమ్మేవాడు చెప్పే జాతి పేరును అతని అభిప్రాయంగానే తీసుకోవాలి.

ఇప్పుడు మా ఇంట్లో ఉన్నది మా సందులోనే పుట్టిన ఎర్రకుక్క. మొదటి టీకాకు తీసుకెళ్లినప్పుడు డాక్టరమ్మగారు కొత్త పుస్తకం తెరిచి, ‘ఏ జాతండీ?’ అన్నారు. జాతి తెలియదనీ, తల్లి మా వీధి చివర కిరాణా కొట్టు మెట్ల మీదే ఉంటుందనీ, పదహారు కిలోల దాకా ఉండొచ్చనీ చెప్పాను. ఆవిడ జాతి గడిలో ‘దేశీ’ అని రాసి, పక్కనే చిన్న అక్షరాలతో తల్లి బరువు కూడా రాసుకున్నారు.